మూడు పాదాల నవ్వుకు మూలధనం

సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం, కల్వకుర్తి

ప్రతాపరెడ్డిగారిని తలచుకునే సభలో హైకూల గురించి, అందులోనూ సినిమాల మీదా బొమ్మల కథల మీదా నవ్వుతూ రాసే హైకూల గురించి మాట్లాడటం కొందరికి పొసగనట్టు అనిపించవచ్చు. గోలకొండ పత్రికను నడిపి, గోలకొండ కవుల సంచికను తెచ్చి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్ళిన మనిషి ముందు ఈ చిన్న విషయమేమిటని అడగవచ్చు. జవాబు ఆయన పుస్తకంలోనే ఉంది. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాజుల దండయాత్రలను పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆట ఆడారు, పొద్దు గూకాక దేన్ని చూసి నవ్వారు అని అడిగింది. తెలుగుకు దక్కిన మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1955లో, ఆ పుస్తకానికే. ఆయనకు సాక్ష్యం ఇచ్చిన గ్రంథాల్లో క్రీడాభిరామం ఒకటి. ఓరుగల్లు వీధుల్లో కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు, పల్నాటి వీరుల కథ పాడే ఆడమనిషి, ఆ పాట చుట్టూ మూగే జనం, అన్నీ ఉన్న పుస్తకం అది. పండితులు చాలాకాలం దాన్ని రసికుల కాలక్షేపంగా చూశారు. ప్రతాపరెడ్డిగారు దాన్ని చరిత్రగా చదివారు. ఒక కాలం నవ్విన నవ్వు ఆ కాలపు దస్తావేజు అని ఆయన పని మనకు చూపింది. నేను ఈరోజు చెప్పేది అక్కడి నుంచే మొదలవుతుంది.

నా వాదం ఒక్కటే. చిన్న కవిత చిన్నదిగా నిలబడాలంటే, కవి చెప్పకుండా వదిలిన భాగం ముందే పాఠకుడి దగ్గర ఉండాలి. మూడు పాదాల కవితకు మూలధనం కవి దగ్గర ఉండదు, చదివేవాడి జ్ఞాపకంలో ఉంటుంది. ఒకప్పుడు మనకు ఆ మూలధనాన్ని పురాణం ఇచ్చింది. గత వంద సంవత్సరాలుగా దానిలో పెద్ద వాటాను సినిమా, వారపత్రిక, చందమామ, కార్టూను ఇస్తూ వచ్చాయి. కాబట్టి వాటి మీద రాసే చిట్టి హాస్య కవిత హైకూను దిగజార్చడం కాదు. హైకూ పనిచేసే పద్ధతినే అది మన నేల మీద కొనసాగిస్తున్నది.

ముందు జపాను సంగతి. హైకూ అంటే ధ్యానం, చెరువు, కప్ప, మౌనం అని మనవాళ్ళలో స్థిరపడిపోయింది. ఆ కప్పను ప్రపంచానికి ఇచ్చిన బషో (1644–1694) తన విద్యను హైకూ అనలేదు. ఆ పేరును మసఓక షికి 19వ శతాబ్దం చివర స్థిరపరిచాడు. బషో రాసింది హైకై. ఆ మాటకు మూలార్థం హాస్యం, చమత్కారం. ఆస్థాన కవిత్వంలోకి రానివ్వని పేను, ఈగ, ముల్లంగి, గుర్రపు మూత్రం అన్నీ హైకైలోకి వచ్చాయి. బషో ఆ హాస్యాన్ని లోతు చేశాడు తప్ప తుడిచివేయలేదు. ఆయన తరువాత 18వ శతాబ్దంలో కరాయ్ సెన్ర్యూ అనే పరిష్కర్త పేరు మీద అదే కొలతలో మరో శాఖ పెరిగింది. దానికి ఋతువు అక్కరలేదు. అత్తాకోడళ్ళు, వైద్యులు, బడాయికోరులు దాని వస్తువులు. 1765లో ఆ పద్యాల మొదటి సంకలనం వెలువడింది. అది ఇప్పటికీ బతికే ఉంది. 1987 నుంచి జపానులో ఒక బీమా సంస్థ ఏటా గుమాస్తాల సెన్ర్యూల పోటీ నడుపుతోంది. ఇక హైకూకు పేరు పెట్టిన షికి సంగతి ఇంకా ఆసక్తికరం. అమెరికా నుంచి అప్పుడే దిగిన బేస్‌బాల్ ఆటంటే ఆయనకు పిచ్చి. దాని మీద పద్యాలు రాశాడు. 2002లో జపాను బేస్‌బాల్ వాళ్ళు ఆయనను తమ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. జనం వినోదం మీద పద్యం రాయడం హైకూకు పరాయి పని అనేవారు ముందుగా షికిని తప్పించుకు పోవాలి.

రెండో అభ్యంతరం కొలత గురించి. ఐదు, ఏడు, ఐదు, మొత్తం పదిహేడు అక్షరాలు లేనిది హైకూ ఎట్లా అవుతుందని. ఇక్కడ తెలుగు ఛందస్సు తెలిసినవాళ్ళు ఇంగ్లీషు వాళ్ళకంటే బాగా జవాబు చెప్పగలరు. జపనీయులు లెక్కపెట్టేది మనం అక్షరం అనుకునేదాన్ని కాదు. వాళ్ళ లెక్కలో దీర్ఘానికి రెండు, విడిగా పలికే 'న్'కు ఒకటి. టోక్యో అన్న పేరు మన కంటికి రెండక్షరాలు, వాళ్ళ చెవికి నాలుగు. మన లాక్షణికుడు దాన్నే రెండు గురువులు, నాలుగు మాత్రలు అంటాడు. అంటే వాళ్ళ పదిహేడుకు దగ్గరిది మన పదిహేడు మాత్రలు, పదిహేడు అక్షరాలు కావు. కందపద్యంలో అరవై నాలుగు మాత్రలు. పదిహేడు మాత్రలంటే కందంలో నాలుగో వంతు కంటే ఒక్కటి ఎక్కువ. విభక్తులూ క్రియా ప్రత్యయాలూ మాటకు అంటుకుని నడిచే మన భాషలో అంత చోటులో నాలుగైదు మాటలకు మించి పట్టవు. గాలి నాసరరెడ్డి, 1997లో 'కప్పల నిశ్శబ్దం' తెచ్చిన ఇస్మాయిల్, పెన్నా శివరామకృష్ణ వంటి తెలుగు హైకూ కవులు సాధారణంగా ఈ లెక్కకు కట్టుబడలేదు. అదే కాలంలో ఆచార్య ఎన్. గోపి నానీలకు నాలుగు పాదాలు, ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలు అని మన భాషకు సరిపడే హద్దు గీశారు. లెక్క ముఖ్యం కాదని నేను అనను. లెక్క బిగింపునిస్తుంది. ప్రాణం మాత్రం రెండు ముక్కల మధ్య ఉండే తెగుదలలో ఉంది. మొదటి ముక్క ఒక దృశ్యాన్ని పెడుతుంది, రెండోది పక్కన ఇంకొకటి పెడుతుంది. వాటి మధ్య దూరాన్ని చదివేవాడు దూకాలి.

ఆ దూకడానికే జ్ఞాపకం కావాలి. జపాను హైకూలో ఋతువును సూచించే మాట ఒకటి ఉంటుంది. దాన్ని మనవాళ్ళు ప్రకృతి వర్ణన అనుకుంటారు. నా దృష్టిలో అది ఉమ్మడి ఖాతాకు తాళంచెవి. చెర్రీ పువ్వు అనగానే వెయ్యేళ్ళ పద్యాలు, వనభోజనాలు, వియోగాలు పాఠకుడిలో తెరుచుకుంటాయి. కవి వాటిలో ఒక్కదాన్నీ చెప్పనక్కరలేదు. ఆ మాటలన్నీ ఋతు నిఘంటువుల్లో ఎక్కి ఉంటాయి. ఆ నిఘంటువులు కాలంతో పాటు పెరుగుతాయి. దీపాల వెలుగులో రాత్రిపూట ఆడే బేస్‌బాల్ ఆట కూడా ఇప్పుడు వాటిలో వేసవి మాటే. మనకు అటువంటి నిఘంటువు అచ్చులో లేదు. జనం నోట్లో ఉంది. ఈ ఉపన్యాసం కోసం రాసిన ఒక ఉదాహరణ చూడండి:

ప్లేటుకు ఇంతని బేరం—
విందుకు వచ్చింది
ఒక్క ఘటోత్కచుడే

ఈ మూడు పాదాల్లో లడ్డూ లేదు, ఎస్.వి. రంగారావు లేరు, పెరిగే దేహం లేదు, ఆ పాట లేదు, 1957 లేదు. అవన్నీ వింటున్నవాళ్ళు తెచ్చుకున్నారు. కవి తెచ్చింది ఒక్క కేటరింగు బేరం. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళతో ప్లేటు లెక్కన మాట్లాడుకునే కాలానికి మాయాబజారును పక్కన పెట్టడమే ఇక్కడి పని. ఆ సినిమా తెలియనివాడికి ఈ పద్యం సగమే. ఘటోత్కచుడే తెలియనివాడికి అసలు లేదు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. పురాణం వేల సంవత్సరాలది, సినిమా నిన్నటిది, రెంటినీ ఒకే గాట కట్టడం ఏమిటని. నేను వాటి విలువను సమానం చేయడం లేదు. కవితలో అవి చేసే పని ఒకటే అంటున్నాను. అయినా మన పురాణ జ్ఞాపకం అంత శుద్ధమైనదేమీ కాదు. మాయాబజారుకు ఆయువుపట్టయిన శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. జనం కథల్లో పుట్టి, యక్షగానాల్లో, సురభి వాళ్ళ నాటకాల్లో పెరిగి తెరకు ఎక్కింది. అంటే ఏనాడో జనం వినోదమే పురాణానికి ఒక ముక్క కలిపింది. ఆ ముక్కే ఇప్పుడు మూలం కంటే ఎక్కువమందికి తెలుసు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల సభలకు తిరుపతి వెంకట కవులు వచ్చిన కాలం నుంచి ఈ ప్రాంతానికి అవధానం పరిచయమే. దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు సినిమా పేర్లో, నాలుగు ఫలహారాల పేర్లో ఇచ్చి భారతార్థంలో పద్యం చెప్పమంటాడు. సభ నవ్వేది ఎప్పుడు? ఆ పేరు పద్యంలో ఇమిడిపోయి, రెండు అర్థాలూ ఒకేసారి చెవిన పడ్డప్పుడు. పాతదీ కొత్తదీ రెండు జ్ఞాపకాలూ ఒకే మనిషిలో ఉన్నందువల్లే ఆ నవ్వు. దాన్ని వేదిక మీద మెచ్చుకుని, కాగితం మీద హైకూగా రాస్తే తక్కువచేసి చూడటం న్యాయం కాదు. జరుక్‌శాస్త్రి పేరడీలకు కూడా ఇదే వర్తిస్తుంది. శ్రీశ్రీ గీతాలు అప్పటికే నలుగురి నోళ్ళలో నానుతున్నాయి గనుకనే వాటి మీద పేరడీ పండింది. ఆ శ్రీశ్రీ తానే కందాల్లో సిరిసిరిమువ్వలనూ, పరాయి దేశపు లిమరిక్కులనూ తెలుగులో ఆడించాడు. మహాప్రస్థానం రాసిన చేతికి అది చిన్నతనం అనిపించలేదు.

బొమ్మల కథలకు హైకూతో మరింత దగ్గరి చుట్టరికం ఉంది. 18వ శతాబ్దపు బుసొన్ కవీ, చిత్రకారుడూ. ఆయన వంటివాళ్ళు కుంచెతో బొమ్మ వేసి పక్కన పద్యం రాసే కళను హైగా అంటారు. అందులో మంచి బొమ్మ పద్యాన్ని తిరిగి చెప్పదు. పద్యం కాకి గురించైతే బొమ్మలో ఒక్కోసారి కాకి ఉండదు. అమెరికా వ్యంగ్య చిత్రకారుడు స్కాట్ మెక్లౌడ్ 1993లో కామిక్సు గురించి రాసిన పుస్తకంలో రెండు గళ్ళ మధ్య ఉండే తెల్లచోటే ఆ కళకు గుండె అన్నట్టు వాదించాడు. మొదటి గడిలో గొడ్డలి ఎత్తుతారు, రెండో గడిలో ఊరి మీద కేక వినిపిస్తుంది. దెబ్బ వేసింది చదివేవాడే. హైకూలో తెగుదల అన్నది ఆ తెల్లచోటే. మన చేర్యాల నకాశీ పటం కూడా గళ్ళు గళ్ళుగా దిగుతుంది. ఒక గడికీ మరో గడికీ మధ్య కథను పాడేవాడు నింపుతాడు. బాపు కార్టూనులో గీత తక్కువ, మాట తక్కువ. ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు మాటకూ బాపు బుడుగు బొమ్మకూ మధ్య మిగిలిన చోటులో ఒక తరం తెలుగు పిల్లలు ఆడుకున్నారు. ఇంత దగ్గరితనం ఉన్నప్పుడు బొమ్మల కథల మీద హైకూ రాయడం కొత్త ఫ్యాషను అనలేం. 1947 జులైలో మొదలైన చందమామలో బేతాళ కథ తలమీది బొమ్మను తలచుకోండి. కత్తి, చెట్టు, భుజాన శవం, నడిచే రాజు. శంకర్ వేసిన ఆ బొమ్మ పాఠకులకు దాదాపు ఒక ఋతువు. నెలకొకసారి వచ్చేది. పత్రిక ఇప్పుడు లేదు.

చందా గడువు తీరింది—
బేతాళుడు మాత్రం
మళ్ళీ చెట్టెక్కాడు

దీనిలో నవ్వుంది, కొంచెం దిగులుంది. పద్యం వాటిలో దేన్నీ ప్రకటించలేదు.

ఇటువంటివి పదేళ్ళకు అర్థం కాకుండా పోతాయి కదా అన్నది తరువాతి ఆక్షేపణ. నిజమే. చాలావరకు పోతాయి. క్రీడాభిరామంలోని కోడిపందేల పద్యాలూ పోవలసినవే, ఎవరో రాసిపెట్టకపోతే. చాటువులు ఎన్ని పోయాయో లెక్కలేదు. మిగిలినవాటిలో తిండి మీద, ప్రయాణం మీద, లోభి మీద విసిరిన పద్యాలకు ఇవాళ టిప్పణి అవసరమే. శ్రీనాథుడి పల్నాటి చాటువు జొన్న అన్నం ఎరిగినవాడికి ఒక రకంగా, వరి తప్ప ఎరగనివాడికి ఇంకో రకంగా వినిపిస్తుంది. అందుకని చాటువును మనం పారేయలేదు. నిలవడం ఒక్కటే కవితకు గీటురాయి అయితే మార్కెట్లో, పెళ్ళిలో, బస్సులో పలికి పోయే మాటలో ఉండే కవిత్వమంతా లెక్కలోకి రాదు. పైగా కాలంతో పోయేదీ పోనిదీ ఏదో రాసేనాడు తెలియదు. షికి కాలంలో బేస్‌బాల్ ఒక తాత్కాలిక మోజుగా కనిపించి ఉండవచ్చు.

మరొకటి, నటుల మీద, నాయకుల మీద నవ్వితే అభిమానులు నొచ్చుకుంటారన్నది. ఇది కేవలం పిరికితనం కాదు, దీన్ని తేలిగ్గా తీసెయ్యకూడదు. మనుషులు తమ బతుకులో లేని పెద్దరికాన్ని తెర మీది మనిషిలో దాచుకుంటారు. దాన్ని ఎగతాళి చేస్తే వాళ్ళను ఎగతాళి చేసినట్టే. కానీ ప్రేక్షకుడు అంత అమాయకుడా? ఈ ప్రశ్నకు కల్వకుర్తి కంటే మంచి సాక్ష్యం తెలుగునాట దొరకదు. 1989 శాసనసభ ఎన్నికల్లో ఎన్.టి. రామారావుగారు హిందూపురంతో పాటు ఇక్కడా నిలబడ్డారు. హిందూపురం గెలిపించింది. కల్వకుర్తి ఆయనను ఓడించి కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్‌దాస్‌ను ఎన్నుకుంది. ఆ ఓటు వెనుక ఉన్న రాజకీయాల తీర్పు నా పని కాదు. నాకు కావలసింది ఒక్కటే. తెర మీది కృష్ణుడికి చేతులెత్తిన ఊళ్ళే పోలింగు బూత్‌లో తమ లెక్క తాము వేసుకున్నాయి. ఆ ఓటు తరువాత కూడా మాయాబజారు ఇక్కడ మాయాబజారే. ప్రేమా వివేచనా ఒకే మనిషిలో పక్కపక్కన ఉండగలవు. హాస్యానికి కావలసిన నేల అదే. ఆరాధన మాత్రమే ఉన్నచోట నవ్వు తిట్టుగా వినిపిస్తుంది. ఏమీ లేనిచోట నవ్వే పుట్టదు.

అయినా ఎటు తిరిగి నవ్వాలో కవి చూసుకోవాలి. నటుడి రూపం మీద, అభిమాని పేదరికం మీద నవ్వే మూడు పాదాలు మనకు కొదవ లేదు. అవి రాయడం తేలిక, చదవడం కష్టం. పరిస్థితి మీద నవ్వేది వేరు:

మొదటి ఆటలో కాగితాల వాన—
రెండో ఆటకు ముందు
ఒక్క చీపురు

ఇక్కడ హీరో మీద గానీ, కాగితాలు చల్లినవాళ్ళ మీద గానీ తీర్పు లేదు. తెర నుంచి చూపు ఒక్కసారి నేల మీదికి దిగుతుంది. ఊడ్చే మనిషి అన్న మాట కూడా లేదు, చీపురు ఒక్కటే ఉంది. నవ్వు సగంలో ఆగుతుంది. జగిత్యాల నుంచి హైదరాబాదు వచ్చి 'సిటీ లైఫ్' శీర్షికన చిట్టి కవితలు రాసిన అలిశెట్టి ప్రభాకర్‌కు ఈ ఆగడం బాగా తెలుసు. ఆయన చిత్రకారుడు, ఫొటోగ్రాఫరు కూడా కావడం యాదృచ్ఛికం అనుకోను.

ఇవన్నీ జోకులే కదా, మూడు ముక్కలుగా విరిచి రాస్తే కవిత అవుతుందా అన్నవారికి కూడా జవాబు ఉండాలి. విరిచినంత మాత్రాన కాదు. హైకూ పేరుతో వస్తున్నవాటిలో చాలా భాగం విరిచిన జోకులేనని నేనూ ఒప్పుకుంటాను. తేడా పట్టే పద్ధతి ఒకటుంది. జోకు రెండోసారి చెబితే చప్పబడుతుంది, ఎందుకంటే దాని బలం దాచిపెట్టడంలో ఉంది. పద్యం బలం చూపించడంలో ఉంది. ఇది చూడండి:

అవ్వ పొరక ఎత్తింది—
గోడ మీద
స్పైడర్‌మ్యాన్ స్టిక్కరు

మొదటిసారి నవ్వొస్తుంది. రెండోసారి అవ్వ కంటిచూపు గుర్తొస్తుంది. మూడోసారి ఆ స్టిక్కరు అంటించిన పిల్లవాడు కనిపిస్తాడు. ప్రపంచమంతా గెలిచే వీరుడికి ఒక పాలమూరు ఇంట్లో సాలెపురుగుకు దక్కే మర్యాదే దక్కింది. అవ్వ దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేదు, ఆమె లెక్క తప్పూ కాదు. పొరక అన్న చోట చీపురు అని వేస్తే పద్యం ఇంకో ఇంటికి పోతుంది. న్యూయార్కులో పుట్టిన బొమ్మ మీద రాసిన పద్యంలో పాలమూరు మాట ఒదగడం దాని పెద్ద గుణం. గోరటి వెంకన్న పాటలో ఊరి చెట్టూ పిట్టా పలికే నుడికారాన్ని మెచ్చే మనం, అదే నుడికారం స్టిక్కరు పక్కన నిలబడితే మొహమాటపడనక్కరలేదు.

నాకు నిజంగా దిగులు కలిగించేది వేరే ఉంది. ఈ కవిత తేలికదన్న మాట నన్ను బాధపెట్టదు. దాని మూలధనం చీలిపోతున్నదన్న సంగతి బాధపెడుతుంది. ఒక ఊరంతా ఒకే టాకీసులో ఒకే సినిమా చూసిన రోజుల్లో ఘటోత్కచుడు అన్న మాట ఊరందరి ఖాతా. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు చూస్తారు. పిల్లవాడు జపాను యానిమే చూస్తాడు, అక్క కొరియా సీరియల్ చూస్తుంది, తండ్రి పాత పాటలు వింటాడు. ఎవరి మీమ్ వాళ్ళది, వారం తిరిగితే అదీ ఉండదు. ఉమ్మడి జ్ఞాపకం తగ్గితే కవిత పొడవు పెరగాలి, లేదా చిన్న బృందంలో చిక్కుకోవాలి. దీనికి ఎదురు చెప్పేవాళ్ళు ఉన్నారు. సంస్థానాల సభలోని చాటువు కూడా చిన్న బృందానిదే కదా అంటారు. ఆ మాటలో బలం ఉంది. ఆ చాటువు బయటికి ఎట్లా వచ్చిందో చూస్తే దారి కూడా కనిపిస్తుంది. దాని వెంట కథ నడిచింది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్న నాలుగు మాటలు పద్యంతో పాటు నోటి నుంచి నోటికి పోయాయి. మన చాటు సంకలనాలు పద్యంతో పాటు ఆ కథనూ అచ్చువేశాయి.

నైజాములో తెలుగు కవులు పూజ్యమన్న మాటకు ప్రతాపరెడ్డిగారు 1934లో జవాబిచ్చిన తీరు మనకు తెలుసు. కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊళ్ళ నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవులను ఒక సంచికలో నిలబెట్టారు. సినిమాల మీద, కార్టూన్ల మీద, ఆటల మీద ఈ పూర్వపు పాలమూరు జిల్లా ఊళ్ళలో రాసిన నానీలు, హైకూలు, మినీ కవితలు నోటు పుస్తకాల్లోనూ ఫోన్లలోనూ ఉన్నాయి. వాటిని అదే పద్ధతిలో తెప్పించవచ్చు. పద్యం కింద దాని కథ ఉండాలి. స్పైడర్‌మ్యాన్ ఎవరు, ఏ ఏడు, ఏ ఊరి బడి ముందు, ఏ మిఠాయి పొట్లంలో ఆ స్టిక్కరు వచ్చింది, దాని వెల ఎంత, గోడకు దేనితో అంటించారు, ఆ ఇంట్లో పొరకను దేనితో కట్టేవారు అన్నవి రాయాలి.